ఇంటికి వెలకట్టువారి చదువు

బంగారము కొనబోవునాడు మన ఇండ్లలోని వృద్ధురాలికి సైతము వెలకట్టు విధము తెలియును. తులమెంత, తరుగెంత, మజూరి యెంత అని యామె అడుగును. అనుమానము కలిగినచో గీటురాయిపై గీసి చూపుమనును. చీరకు నేత చూచును, బియ్యమునకు గింజ నలిపి చూచును, నేతికి వాసన చూచును. కాని సంసారులు తమ జీవితకాలమున కొనెడి వస్తువులలో నెల్ల మిక్కిలి వెలగలది ఇల్లు. దానికి గీటురాయి లేదు, త్రాసును లేదు. ఒకే వీథిలో ప్రక్కప్రక్కల నున్న రెండిండ్లు సైతము సరిసమానమైన వెలకు అమ్ముడుపోవు. ఇంటి వెల యనగా ఒక మనుష్యుడు చూచి, కొలిచి, ఆలోచించి, వ్రాసి యిచ్చెడి అభిప్రాయము మాత్రమే. ఆ అభిప్రాయమును నమ్మి బ్యాంకువారు అప్పిత్తురు. ఆ అప్పును నమ్మి దంపతులు ముప్పది యేండ్ల సంపాదనను ముందుగనే పణముగ నొడ్డుదురు.

అట్టి అభిప్రాయము చెప్పువానిని మదింపుదారు అందురు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇతడు లైసెన్సు పొందిన వృత్తిదారు. ఒకసారి పరీక్షలో నెగ్గి పత్రము గోడకు తగిలించుకొన్నంత మాత్రమున ఇతని పని తీరదు. లైసెన్సు గడువు ముగియు ప్రతి పర్యాయమును నిర్ణీతమైన గంటలు మరల చదువుకొని, ఆ చదువునకు సాక్ష్యము చూపిననే గాని లైసెన్సు మరల చేతికి రాదు. ఎక్కడనో దూరదేశమున ఎవరో చదువుకొనుటతో మనకేమి పని యని సోదరీమణులు అడుగవచ్చును. మన తెలుగు కుటుంబములు వేలకొలది ఆ దేశమున ఇండ్లు కొని కాపురములు చేయుచున్నవి. ఇక్కడి తల్లిదండ్రుల పొదుపు సైతము కొన్నియెడల అక్కడి ఇంటి తొలి సొమ్ములో కలియుచున్నది. అంతేకాక మన దేశమునందును ఈ వృత్తికి చట్టము, పరీక్ష, పునర్విద్య ఏర్పడినవి. కావున ఈ విషయము మన గడపకు దూరమైనది కాదు.

వెల తప్పినచో నేమగును?

మొదట ఒక లెక్క చూతము. అమెరికాలో నొక జంట 4 లక్షల డాలర్లకు ఇల్లు కొనుటకు ఒప్పందము చేసికొన్నదనుకొందము. బ్యాంకువారు నూటికి 80 వంతున అప్పిత్తురు. అనగా 3,20,000 డాలర్లు బ్యాంకుది, 80,000 డాలర్లు జంటది. బ్యాంకు తన మదింపుదారును పంపును. అతడు ఆ ఇంటికి 3,80,000 డాలర్లే వెల యని వ్రాసెను. బ్యాంకు ఒప్పందపు ధరను, మదింపు విలువను ప్రక్కప్రక్కల నుంచి, రెంటిలో తక్కువదాని మీదనే నూటికి 80 లెక్కించును. అప్పుడు అప్పు 3,04,000 డాలర్లే. జంట చేతినుండి పెట్టవలసినది 96,000 డాలర్లు. ఒక్క కాగితము మీది అంకె మారుటచే 16,000 డాలర్లు వారు క్రొత్తగ వెదకికొనవలయును. లేదా అమ్మువానితో ధర తగ్గింపుమని బేరమాడవలయును. రెండును కానినాడు ఇంటిపై ఆశ వదలుకొనవలయును.

ఇందుకు విరుద్ధముగ, 3,80,000 విలువగల ఇంటిని మదింపుదారు 4,20,000 అని వ్రాసినచో ఆనాడు అందరును సంతోషింతురు. అమ్మువాడు, కొనువారు, దళారి, అప్పిచ్చు ఉద్యోగి — ఎవ్వరికిని కష్టము తోచదు. ఉద్యోగము పోయి ఇల్లు అమ్ముకొనవలసిన నాడు మాత్రము ఆ ఇల్లు అప్పు తీర్చుటకైనను చాలదని తెలియును. తక్కువ వెల అప్పటికప్పుడే కన్నీరు పెట్టించును. ఎక్కువ వెల పదేండ్ల పిమ్మట పెట్టించును. కావుననే ఈ వృత్తికి నిష్పక్షపాతము ప్రాణమని చెప్పుదురు.

మదింపుదారు వెలకట్టుటకు మూడు మార్గములు కలవు. సమీపమున ఇటీవల అమ్ముడుపోయిన పోలికగల ఇండ్లతో సరిచూచి, గది యెక్కువైన ఇంత, పాతదైన ఇంత అని కూడి తీసివేయుట మొదటిది. అదే ఇంటిని నేడు మరల కట్టినచో నెంత వ్యయమగునో లెక్కించి, అరుగుదల తీసి, నేల వెల కలుపుట రెండవది. ఆ యింటిపై వచ్చెడి అద్దెను బట్టి విలువ నిర్ణయించుట మూడవది. కాపురపు ఇండ్ల విషయమున మొదటి మార్గమే ప్రధానము. అందుచే ఏ ఇండ్లను పోలికకు ఎన్నుకొనెను, దేనికెంత కూడెను, తీసెను అనుదానిలోనే అతని నేర్పును, అతని నీతియు కనబడును.

ఈ చట్టమెట్లు పుట్టినది?

1980ల వరకు అమెరికాలోని అనేక రాష్ట్రములందు ఇంటికి వెలకట్టుటకు లైసెన్సు అక్కరలేదు. తోచినవాడెల్ల మదింపుదారుగ వ్యవహరింపవచ్చును. ఆ దశాబ్దమున పొదుపు సంస్థలు, అనగా చిన్నవారి డిపాజిట్లు తీసికొని ఇండ్లకు అప్పులిచ్చు సంస్థలు, వరుసగ కూలిపోయినవి. 1986 మొదలు 1995 వరకు 3,234 సంస్థలలో 1,043 మూతపడెను. ప్రజలు పన్నుల రూపమున మోసిన భారము సుమారు 12,400 కోట్ల డాలర్లు. వడ్డీరేట్ల పెరుగుదల, సడలించిన నిబంధనలు, దుస్సాహసములు, మోసములు — కారణములు పెక్కు. అందులో తప్పుడు మదింపులును ఒకటి. లేని విలువను ఉన్నట్లు వ్రాసిన కాగితముల మీద అప్పులు పుట్టినవి. 1986లో ప్రతినిధుల సభకు చెందిన సంఘమొకటి ఈ దోషములను విచారించి నివేదిక ప్రకటించెను.

1987లో వృత్తి సంఘములు కలిసి లాభాపేక్ష లేని మదింపు ఫౌండేషనును స్థాపించినవి. 1989 జనవరి 30న దాని ప్రమాణముల మండలి ‘యూస్‌పాప్’ అని వాడుకలో పిలువబడు ఏకరూప ప్రమాణములను స్వీకరించెను. అదే సంవత్సరము ఆగస్టు 9న అధ్యక్షుడు జార్జి హెచ్. డబ్ల్యు. బుష్ సంతకము చేసిన ఆర్థిక సంస్థల సంస్కరణ చట్టముచే ప్రతి రాష్ట్రమును మదింపుదారులకు లైసెన్సులిచ్చు ఏర్పాటు చేయు విధానము నెలకొన్నది. లైసెన్సు నిచ్చునది రాష్ట్రము. కనీస యోగ్యతను నిర్ణయించునది ఫౌండేషనులోని యోగ్యతల మండలి. రాష్ట్రముల పనిని పర్యవేక్షించునది ఫెడరల్ ఉపసంఘము. మూడు చేతులును కలిసిన ఏర్పాటు ఇది.

ఇందు నాలుగు మెట్లు కలవు. మొదట 75 గంటల పాఠములు విని శిక్షణార్థిగ చేరవలయును. తరువాతిది లైసెన్సుగల గృహ మదింపుదారు మెట్టు. దీనికి 150 గంటల విద్యయు, 1,000 గంటల అనుభవమును కావలయును. ధ్రువీకృత గృహ మదింపుదారునకు 200 గంటల విద్య, 1,500 గంటల అనుభవము. దుకాణములు, కర్మాగారములు మొదలగు అన్ని విధముల ఆస్తులకు వెలకట్టగల సర్వసాధారణ ధ్రువీకృతునకు 300 గంటల విద్య, 3,000 గంటల అనుభవము. ఆపైన జాతీయ పరీక్షలో నెగ్గవలయును.

మరల బడికి

ఇంత చదివిన పిమ్మటను ప్రతివారును మరల చదువవలసినదే. నియమము ప్రకారము సంవత్సరమునకు 14 గంటల చొప్పున పునర్విద్య కావలయును. రెండేండ్లకొకసారి లైసెన్సు మార్చు టెక్సాస్ వంటి రాష్ట్రములలో అది 28 గంటలు. కాలిఫోర్నియాలో నాలుగేండ్లకు 56 గంటలుగ లెక్కింతురు. గంట యనగా 60 నిమిషములలో కనీసము 50 నిమిషములు పాఠము జరుగవలయును. రెండు గంటలకు తక్కువైన పాఠమును లెక్కకు తీసికొనరు. ఒకే పాఠమును ఒకే గడువులో రెండుమార్లు విని గంటలు పెంచుకొనుటకు వీలులేదు.

ఈ గంటలలో 7 గంటలు యూస్‌పాప్ ప్రమాణముల తాజా పాఠము. రెండు సంవత్సరములకొకసారి ఇది తప్పనిసరి. దీనిని బోధించువారు యోగ్యతల మండలిచే ప్రత్యేకముగ ధ్రువీకరింపబడిన ఉపాధ్యాయులై యుండవలయును. తక్కిన గంటలను మదింపుదారు తన పనికి తగినట్లు ఎన్నుకొనవచ్చును. ఇంటిని కొలుచు పద్ధతి, పోలిక ఇండ్ల ఎన్నిక, సంఖ్యాశాస్త్రము, సౌరఫలకముల విలువ, పల్లెటూరి భూములు, న్యాయస్థానమున సాక్ష్యము చెప్పు విధము — ఇట్టి పాఠములు పెక్కు కలవు. తరగతిలో కూర్చుండియైనను, ఇంటనుండి అంతర్జాలము ద్వారానైనను వినవచ్చును.

ఈ ఏర్పాటుపై వృత్తిలోనివారి ఆక్షేపణయు కలదు. వారిలో పెక్కురు ఒంటరిగ పని చేసికొనువారు. పాఠమునకు రుసుము చెల్లించవలయును, ఆనాటి సంపాదనయు పోవును. ఇరువది యేండ్లుగ ఇండ్లు కొలుచుచున్న వానికి పాఠశాల కుర్చీలో క్రొత్తగ తెలియునదేమి యని కొందరు విసుగుకొందురు. ఈ మాటలో కొంత సత్యము కలదు. గంటలు లెక్కించుట సులభము, గ్రహించినది లెక్కించుట దుర్లభము. కూర్చున్నవాడెల్ల చదివినవాడు కాడని బడి పెట్టిన ప్రతి తల్లికిని తెలియును. అయినను అనుభవమొక్కటియే చాలునని చెప్పుటకు వీలులేదు. అందులకు మూడు కారణములు చూపవచ్చును.

పునర్విద్య ఏల?

మొదటిది, పనిముట్లు మారుచుండుట. ఫానీ మే, ఫ్రెడ్డీ మాక్ అను రెండు గొప్ప సంస్థలు బ్యాంకుల యొద్దనుండి గృహఋణములను కొనును. వాటికి సమర్పించు మదింపు నివేదిక పత్రములు 2005 నాటి రూపమున చిరకాలము వాడబడినవి. ఇండ్లవారీగ వేర్వేరుగ నున్న ఆ పత్రములన్నింటికిని బదులు, ఇంటిని బట్టి రూపము మార్చుకొనెడి ఒకే నివేదికను ఆ సంస్థలు సిద్ధము చేసినవి. అది 2025 సెప్టెంబరు 8న కొలది మందితో ఆరంభమై, 2026 జనవరి 26న అందరికిని తెరవబడి, 2026 నవంబరు 2 నుండి తప్పనిసరి యగునట్లు కాలక్రమము నిర్ణయింపబడినది. కొలతల విషయమున సైతము ఫానీ మే 2022 ఏప్రిల్ 1 నుండి ఒకే జాతీయ కొలత ప్రమాణమును విధించెను. దాని ప్రకారము నేలమట్టమునకు క్రిందనున్న గదులను, అవి యెంత సుందరముగ తీర్చబడినను, నివాస వైశాల్యములో కలుపరాదు. వాటి విలువను వేరుగ చూపవలయును. ఈ మార్పు తెలియని మదింపుదారు చేతిలో ఇంటి వైశాల్యమే తప్పుగ పడును.

రెండవది, ప్రమాణములు మారుచుండుట. యూస్‌పాప్ గ్రంథమును పలుమార్లు సవరించిరి. 2024 జనవరి 1న అమలులోనికి వచ్చిన ప్రతిలో నీతి నియమము క్రింద వివక్ష కూడదను భాగమును స్పష్టముగ చేర్చిరి. అంతకు పూర్వము పక్షపాతము కూడదను మాట ఉన్నను, ఏ చట్టములు ఏ పనిని నిషేధించుచున్నవో ఇంత విశదముగ లేదు.

మూడవ కారణము అన్నిటికంటె గంభీరమైనది. ఒక తరము పాఠ్యపుస్తకమే తప్పైనచో ఆ తప్పును దిద్దునదెవరు? అనుభవము దానిని దిద్దజాలదు, అనుభవము ఆ పుస్తకపు కండ్లతోనే లోకమును చూచును గనుక.

అమెరికాలో నిట్లే జరిగినది. 1932లో ఫ్రెడరిక్ బాబ్‌కాక్ అను ప్రసిద్ధ మదింపుదారు స్థిరాస్తి విలువపై నొక గ్రంథము వ్రాసెను. వీథిలో నివసించువారి జాతి మారినచో ఇండ్ల విలువ క్షీణించునను వాదము అందు కలదు. తరువాత నాతడే 1934లో ఏర్పడిన ఫెడరల్ గృహనిర్మాణ పాలనాసంస్థలో చేరి, ఋణముల పూచీకి సంబంధించిన నియమావళిని రచించెను. 1935 మొదలు 1940 వరకు గృహస్థుల ఋణ సంస్థ నగరముల పటములను ఆకుపచ్చ, నీలము, పసుపు, ఎరుపు రంగులతో చిత్రించినది. నల్లజాతివారు నివసించు ప్రాంతములు చాలవరకు ఎరుపులో పడినవి. మోసము చేయవలెనను తలంపు లేని మదింపుదారు సైతము తాను చదివిన శాస్త్రము ప్రకారమే ఆ ఇండ్లకు వెల తగ్గించెను. శాస్త్రమే పక్షపాతమైనపుడు నిజాయితీపరుడును అన్యాయమునే చేయును.

1968 ఏప్రిల్ 11న గృహముల విషయమున సమన్యాయ చట్టము వచ్చినది. అయినను పాఠ్యపుస్తకములలోని భావములు తత్‌క్షణమే పోలేదు. 1976లో అమెరికా ప్రభుత్వ న్యాయశాఖ మదింపుదారుల ప్రముఖ సంఘములపై వ్యాజ్యము వేసెను. 1977లో వానిలో నొకటియగు స్థిరాస్తి మదింపుదారుల సంస్థ రాజీకి వచ్చి, ఒకే జాతివారు నివసించిననే విలువ నిలుచునను సిద్ధాంతము సరికాదని అంగీకరించి, తన పాఠ్యగ్రంథములను సవరింప నొప్పుకొన్నది. న్యాయస్థానము ముందు నిలిచినది ఒక మనుష్యుని దుష్కార్యము కాదు, ఒక వృత్తి చెప్పుకొనుచుండిన పాఠము. పునర్విద్య ఏల యను ప్రశ్నకు ఇంతకన్న గట్టి సమాధానము దొరకదు.

స్త్రీలకు సంబంధించిన ముక్కయు ఇందు కలదు. 1974కు పూర్వము భార్యాభర్త లిరువురును ఉద్యోగము చేయుచున్నను, అప్పు లెక్కించునపుడు భార్య జీతమును సగముగనో, అసలే లేనట్లుగనో పరిగణించు ఆచారము ఋణదాతలలో నుండెను. ఆమె బిడ్డను కని ఉద్యోగము మానునని వారి ఊహ. 1974 అక్టోబరు 28న వచ్చిన ఋణ సమానావకాశ చట్టము స్త్రీత్వమును, వివాహస్థితిని కారణముగ చూపి అప్పు నిరాకరించుటను నిషేధించెను. గృహ సమన్యాయ చట్టమునకు స్త్రీపురుష భేదము కూడదను అంశము అదే సంవత్సరమున చేరినది. నేడు భార్య జీతముతో ఇల్లు కొనుచున్న ప్రతి కుటుంబమును ఆ చట్టముల నీడలోనే నిలిచియున్నది.

చట్టము వచ్చినంత మాత్రమున ఫలము సమమైనదా? 2021లో ఫ్రెడ్డీ మాక్ ప్రకటించిన పరిశీలనలో, శ్వేతజాతివారు అధికముగనున్న ప్రాంతములలో ఒప్పంద ధరకంటె తక్కువ మదింపు వచ్చిన ఇండ్లు నూటికి 7.4 ఉండగా, నల్లజాతివారి ప్రాంతములలో 12.5, లాటినోల ప్రాంతములలో 15.4 ఉన్నవని తేలినది. ఈ అంకెలనుబట్టి ప్రతి తక్కువ మదింపును ద్వేషమునకు అంటగట్టరాదు. పోలిక ఇండ్లు తక్కువగ దొరకుట మొదలగు కారణములును ఉండవచ్చును. అయినను ఇంతటి భేదమును చూచి చదువు అక్కరలేదనుట తగదు. అందుచే యోగ్యతల మండలి 2026 జనవరి 1 నుండి అమలునకు ఉద్దేశించిన నియమములలో, మదింపులో పక్షపాతమును గృహ సమన్యాయ చట్టములను గూర్చిన పాఠమును పునర్విద్యలో చేర్చెను. మొదటిసారి 7 గంటలు, పిమ్మట రెండు సంవత్సరములకొకసారి కనీసము 4 గంటలు అని అందు నిర్ణయించిరి.

గృహిణి తెలిసికొనవలసినవి

మదింపుదారు చదువుకొన్నాడా లేదా యని తెలిసికొనుట కష్టము కాదు. లైసెన్సు గలవారి జాతీయ పట్టికను ఫెడరల్ ఉపసంఘము నిర్వహించుచున్నది. అంతర్జాలమున ఎవరైనను చూడవచ్చును. అమెరికాలోని కూతురు గాని కోడలు గాని ఇల్లు కొనుచున్నచో ఈ కొన్ని సంగతులు చెప్పి యుంచుడు.

ఒకటి, మదింపు నివేదిక ప్రతి పొందుట ఆమె హక్కు. సొంత ఇంటిపై మొదటి తాకట్టు ఋణమునకు దరఖాస్తు చేసికొన్నవారికి, నివేదిక పూర్తియైన వెంటనే గాని, ఋణము ముగియుటకు మూడు పనిదినములు ముందుగ గాని, ఏది ముందైన అప్పుడు, ప్రతిని ఉచితముగ ఇయ్యవలెనని 2014 జనవరి 18 నుండి అమలులోనున్న నియమము చెప్పుచున్నది. మదింపు చేసినందులకు రుసుము తీసికొనవచ్చును గాని, ప్రతి నిచ్చినందులకు తీసికొనరాదు.

రెండు, చేతికి వచ్చిన నివేదికను చదువవలయును. మనలో ననేకులు చివరి అంకె మాత్రము చూచి మడిచి పెట్టుదురు. గదుల సంఖ్య సరియేనా, వైశాల్యము సరియేనా, ఇటీవల మార్చిన కప్పును వంటగదిని పేర్కొనెనా, పోలికకు తీసికొన్న ఇండ్లు నిజముగ సమీపముననే ఉన్నవా, ఎంతకాలము క్రిందట అమ్ముడుపోయినవి — ఈ ప్రశ్నలకు పెద్ద శాస్త్రము అక్కరలేదు. చాకలి పద్దు సరిచూచు ఓపిక చాలును.

మూడు, తప్పు కనబడినచో ఋణదాత ద్వారా విలువను పునఃపరిశీలింపుమని వ్రాతమూలముగ కోరవచ్చును. ‘మాకు చాలలేదు’ అనునది కారణము కాదు. ‘ఫలానా వీథిలోని ఫలానా ఇల్లు ఫలానా తేదీన ఇంతకు అమ్ముడుపోయినది, అది మీ పట్టికలో లేదు’ అనునది కారణము.

నాలుగు, మదింపుదారును మన వైపునకు త్రిప్పుకొనవలెనని చూడరాదు. ఇంత వెల వ్రాయుమని ఒత్తిడి చేయుట 2010లో వచ్చిన ఆర్థిక సంస్కరణ చట్టము నిషేధించిన పని. సమాచార మిచ్చుట వేరు, ఒత్తిడి చేయుట వేరు. నేడు మనకొరకు అంకె పెంచువాడు రేపు మరియొకరి కొరకు తగ్గించును.

ఈ వృత్తియందు పురుషులే అధికముగ నున్నను స్త్రీలకు నిషేధమేమియు లేదు. 2018 మే 1 నుండి లైసెన్సుగల గృహ మదింపుదారు మెట్టునకు కళాశాల పట్టము అక్కరలేదు. ఇంతకాలము పెద్ద అడ్డంకి గురువు దొరకకుండుట. అనుభవపు గంటలు మరియొక మదింపుదారు పర్యవేక్షణలోనే గడపవలసి యుండెను. శిక్షణార్థిని చేర్చుకొనిన తనకే పోటీ యగునని పెక్కుమంది వెనుదీసిరి. తండ్రియో బంధువో ఆ వృత్తిలో నున్నవారికే ద్వారము సులభముగ తెరువబడెను. దీనికి విరుగుడుగ కంప్యూటరు సహాయముతో అభ్యాసము చేయించు ‘పరియా’ అను మార్గమును 2021 నుండి అనుమతించిరి. పరిచయములు లేని క్రొత్తవారికి, దూరదేశమునుండి వెళ్లిన స్త్రీలకును ఇది యొక దారి.

మన దేశమున

మనదేశమునందు 1957 నాటి సంపద పన్ను చట్టము క్రింద నమోదైన మదింపుదారు లుండిరి. కంపెనీల చట్టము అవసరములకై 2017 అక్టోబరులో వేరుగ నియమములు వెలువడినవి. భారత దివాలా మండలి ఈ మదింపుదారులను నమోదు చేయు అధికార సంస్థ. భూములు, భవనములు అను తరగతిలో చేరగోరువారికి నిర్మాణ ఇంజనీరింగు, వాస్తుశిల్పము, పట్టణ ప్రణాళిక వంటి విద్యయు, అనుభవమును ఉండవలయును. ఆపైన 50 గంటల పాఠక్రమము, కంప్యూటరు మీద పరీక్ష. వీరిని సభ్యులుగ చేర్చుకొను సంస్థలు వారికి నిరంతర విద్య కల్పింపవలెనని నియమములలోనే చెప్పబడినది.

ఇక్కడ మన సోదరీమణులకు ఒక హెచ్చరిక. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున నుండు ప్రభుత్వ విలువ వేరు, మదింపుదారు వ్రాసిన విలువ వేరు, వీథిలో బేరమునకు పలికెడి ధర వేరు. మొదటిది స్టాంపు సుంకము లెక్కించుటకు కనీసపు పట్టిక. రెండవది ఒక తేదీన, ఒక ప్రయోజనమునకై, కారణములతో చెప్పిన అభిప్రాయము. మూడవది అమ్మువాని అవసరమును కొనువాని తొందరను బట్టి మారును. ఈ మూటిని ఒక్కటిగ భావించి అన్నదమ్ముల పంపకములలో తన భాగము తక్కువ తీసికొన్న ఆడపడుచులు, ప్రభుత్వ విలువ చూపి చెప్పిన ధరకు పుట్టింటివారిచ్చిన స్థలమును వదలుకొన్నవారు లేకపోలేదు. పంపకమైనను, తాకట్టైనను, అమ్మకమైనను సంతకము పెట్టుటకు ముందు ‘ఈ అంకె ఎవరు కట్టినది? ఏ తేదీ నాటిది? ఏ పని కొరకు కట్టినది? వారికి నమోదు కలదా?’ అని నాలుగు మాటలు అడుగుడు. ఇది అవిశ్వాసము కాదు, కంసాలి దుకాణమున గీటురాయి అడుగుట ఎంత సహజమో ఇదియు అంతే.

వైద్యునకు, ఉపాధ్యాయునకు, న్యాయవాదికి చదువు ఒకనాటితో ముగియదని మనమందరము అంగీకరింతుము. ఇంటికి వెలకట్టువాడును ఆ కోవకు చెందినవాడే. అతడు బడికి పోయిన గంటలు అతనికి భారముగ తోచవచ్చును. ఆ గంటలకు ఫలము మాత్రము అతడెన్నడును చూడని ఒక తల్లి చేతిలోని పొదుపు నిలుచుట. అతని చదువునకు గురుతు గోడమీది పత్రములో లేదు, అతడు వ్రాసిచ్చిన పుటలలో నున్నది. ఆ పుటలను చదువుట మన వంతు.